లైసోస్టాఫిన్ పొడి, పోలోక్సమర్ 407 జెల్: ఈ జోడీ ఎంతవరకు పనికొస్తుంది?

మందులకు లొంగని స్టాఫ్ (స్టాఫైలోకాకస్) బ్యాక్టీరియా మీద ఎంజైముతో పనిచేయాలనుకునే ల్యాబులు ముందుగా కొనేది లైసోస్టాఫిన్. 1964లో వెలుగులోకి వచ్చిన ఈ ఎంజైము స్టాఫైలోకాకస్ ఆరియస్ కణగోడలోని ఐదు గ్లైసిన్ల వంతెనను కోసేస్తుంది. ఎంఆర్‌ఎస్‌ఏకు (మెథిసిల్లిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఆరియస్‌కు) ఆ మందును తట్టుకునే బలమిచ్చే పీబీపీ2ఏ ప్రోటీన్‌కి ఈ కోతతో సంబంధం లేదు, కాబట్టి ఆ నిరోధకత ఇక్కడ అడ్డురాదు. రీకాంబినెంట్ పొడి శక్తికి వంక పెట్టలేం. చిక్కంతా దాన్ని ద్రవంలో నిలబెట్టడంలోనే ఉంది.

ముందు లేబుల్ చూడండి. వయల్ మీద రాసే బరువు తరచుగా పొడి మొత్తానిది. అందులో ఉప్పు, బఫర్ కూడా కలిసి ఉంటాయి. మిల్లీగ్రాముకు ఎన్ని యూనిట్లన్నది ప్రోటీన్ లెక్కా, పొడి లెక్కా అని అడిగి తెలుసుకోవాలి. సాధారణంగా వాడే నిర్వచనం ప్రకారం 37 డిగ్రీల్లో, పీహెచ్ 7.5 వద్ద, 6 మి.లీ. కణ ద్రావణం మసకను 10 నిమిషాల్లో 0.250 నుంచి 0.125కి దించేది ఒక యూనిట్. ఈ పరిమాణం మారితే అంకెలూ మారతాయి. ఇద్దరు అమ్మకందారుల యూనిట్లను కాగితం మీద పోల్చడం దండగ. వేడితో చంపిన ఆరియస్ కణాలతో రెంటినీ ఒకే రోజు పరీక్షించడమే మేలు.

స్టాక్‌కు (ముందే చేసి దాచుకునే చిక్కటి ఎంజైము ద్రావణానికి) 20 మిల్లీమోలార్ సోడియం అసిటేట్, పీహెచ్ 4.5, మి.లీ.కి 1 మి.గ్రా. సరిపోతుంది. చిన్న ట్యూబుల్లో పంచి మైనస్ 20లో పెట్టాలి; ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు. అలవాటుకొద్దీ లోహాలను లాగేసే ఈడీటీఏ ఉన్న బఫర్ అందుకుంటే పని చెడినట్టే, ఇది జింక్ మీద నడిచే ఎంజైము. ధనావేశం ఎక్కువ కాబట్టి పలచని ద్రావణంలో గాజుకూ ప్లాస్టిక్‌కూ అంటుకుంటుంది కూడా. "ఎంజైము చచ్చిపోయింది" అనుకునే సందర్భాల్లో కొన్నిసార్లు అది ట్యూబు గోడ మీదే ఉంటుంది.

పోలోక్సమర్ 407 అక్కరకొచ్చేది ఇక్కడే. ప్లూరానిక్ ఎఫ్127 అన్నా ఇదే; చల్లగా ఉంటే ద్రవం, వెచ్చబడితే జెల్. ఆవేశం లేని పాలిమర్ కనుక ఎంజైమును కట్టిపడేయదు, గోడకు అంటుకోవడాన్నీ తగ్గిస్తుంది. జెల్‌లకు వాడే మరో పాలిమర్ కార్బోపాల్ చవక, చూడ్డానికి చక్కటి జెల్ ఇస్తుంది, కానీ దాని రుణావేశం ఎంజైమును పట్టేస్తుంది, జింక్‌నూ లాగేస్తుంది. ఈ పనికి అది వద్దు.

10 గ్రాముల జెల్‌కు 2 గ్రా. పోలోక్సమర్, 7 గ్రా. చల్లటి ట్రిస్ బఫర్ (పీహెచ్ 7.5, ఉప్పు 150 మిల్లీమోలార్) తీసుకోండి. పోలోక్సమర్ పొడిని బఫర్ మీద చల్లి, నురగ రాకుండా మెల్లగా తిప్పి, రాత్రంతా 4 డిగ్రీల్లో వదిలేయాలి. ఉండలు కనిపిస్తే వేడి చేయకండి, ఇంకో పూట ఆగండి. తర్వాత 1 మి.లీ. స్టాక్‌ను ఐస్ మీదే కలపాలి. గ్రాముకు దాదాపు 100 మైక్రోగ్రాములు వస్తుంది. ఎంజైమును ముందే, ప్రోటీన్‌ను తక్కువగా పీల్చే 0.22 మైక్రాన్ పీఈఎస్ ఫిల్టర్‌తో వడగట్టుకోండి, చిక్కటి జెల్‌ను వడగట్టడం నరకం. ఏసీ లేని గదిలో, అదీ మన మే నెలలో, పిపెట్ టిప్పులోనే గడ్డకడుతుంది. టిప్పుల్ని ఫ్రిజ్‌లో ఉంచండి, జెల్‌ను పరిమాణంతో కాక తూకంతో కొలవండి.

చురుకుదనం చూడాలంటే జెల్‌ను వంద రెట్లు పలచన చేసి, ఎంజైము లేని జెల్‌ను బ్లాంక్‌గా పెట్టాలి. 4, 25, 37 డిగ్రీల్లో 0, 1, 7, 28 రోజులకు చూస్తే చాలు. పక్కన మామూలు బఫర్‌లో అదే మోతాదు ఉండాల్సిందే. లేకపోతే పాలిమర్ కాపాడిందో లేదో తేలదు.

ఈ జెల్ నుంచి ఎక్కువ ఆశించకూడని సంగతి ఒకటుంది. తడి తగిలితే కొన్ని గంటల్లోనే కరిగిపోతుంది, రోజుల తరబడి మందు వదిలే నిల్వ కాదిది. రక్తంలో ఎక్కువసేపు తిరగాలంటే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) అనే పాలిమర్‌ను ఎంజైముకే అతికించాలి. అప్పుడు ఒంట్లో నిలకడ పెరుగుతుంది గానీ అతికించిన పెగ్ గొలుసులు పెరిగేకొద్దీ కోసే శక్తి తగ్గుతుంది.

ఈ-కొలై, క్లెబ్సియెల్లా మీద ఇది పనిచేయదు. వంతెనలో కొన్ని గ్లైసిన్ల స్థానంలో సెరిన్ ఉండే స్టాఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ మీద కూడా పట్టు తక్కువే. ఆరియస్‌లోనూ వంతెన కట్టడానికి కావాల్సిన ఫెమ్‌ఏ జన్యువు చెడితే వంతెన కురచై ఎంజైముకు లొంగదు. విచిత్రమేమిటంటే అలాంటి ఎంఆర్‌ఎస్‌ఏ మళ్లీ బీటాలాక్టమ్‌లకు (మెథిసిల్లిన్, ఆక్సాసిల్లిన్ లాంటి మందులకు) లొంగుతుంది. అందుకే ప్లేటులో ఆక్సాసిల్లిన్ వరస ఒకటి తప్పక పెట్టుకోండి.