అండాలు దాచాలా, పిండాలా?

పిల్లల్ని తర్వాత కనాలనుకుంటే అండాలు దాచుకోవచ్చు, లేదా వాటిని ల్యాబ్‌లో వీర్యకణంతో కలిపి చేసిన పిండాలు దాచుకోవచ్చు. అండాలు తీసేదాకా రెండింటికీ దారి ఒకటే. అండాలు పెరగడానికి 10, 12 రోజులు సాయంత్రం టైముకి ఫ్రిజ్‌లోంచి ఇంజెక్షన్ పెన్ తీసి, బొడ్డు పక్కన చర్మం పట్టుకుని గుచ్చుకోవాలి. మధ్యమధ్యలో స్కాన్లు. చివర్లో మత్తిచ్చి సూదితో అండాలు తీస్తారు. తేడా ఆ తర్వాతే.

అండాలనైతే కొన్ని గంటల్లోనే గడ్డకట్టించి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో పెడతారు. పెళ్లి కాకపోయినా పర్వాలేదు, అవి పూర్తిగా ఆమెవే. కాకపోతే అండమంటే ఒకే కణం, నీరెక్కువ. కరిగించేటప్పుడు కొన్ని పాడవుతాయి. మిగిలినవాటిలో ఎన్ని పిండాలవుతాయో ముందే చెప్పలేం. ఇన్సూరెన్స్ అని పేరు పెట్టి అమ్మడం అందుకే నాకు నచ్చదు. 30 ఏళ్ల లోపు తీసిన అండం వేరు, 40 ఏళ్లప్పుడు తీసింది వేరు.

పిండాన్ని 5వ రోజు దాకా పెంచి దాస్తే, ఎన్ని నిలబడ్డాయో లెక్క చేతిలో ఉంటుంది. కరిగించినా బాగా తట్టుకుంటుంది. కానీ అది భార్యాభర్తలిద్దరిదీ. రేపు విడిపోతే? అతను వద్దంటే ఆమె పడ్డ కష్టమంతా ట్యాంకులోనే ఆగిపోతుంది. పైగా సంతాన సాఫల్య చికిత్సలపై మన దేశం చేసిన 2021 చట్టం ప్రకారం పిండాన్ని 10 ఏళ్లకు మించి ఉంచకూడదు.

పెళ్లి ఇంకా కుదరని అమ్మాయి అడిగితే అండాలే అంటాను. పెళ్లయి, క్యాన్సర్‌కి కీమో మొదలుపెట్టేముందు పరుగున వచ్చిన జంటకైతే పిండాలు, వీలైతే కొన్ని అండాలు విడిగా కూడా.