లెవిట్‌టౌనా, వోబానా?

1947లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో బంగాళాదుంప పొలాల్లో లెవిట్‌టౌన్ అనే శివారు కాలనీ కట్టడం మొదలుపెట్టారు. 1951 నాటికి 17 వేలకు పైగా ఇళ్లు లేచాయి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు చవగ్గా సొంతిల్లు, పెరడు దొరికాయి. అది చిన్న విషయం కాదు. కానీ నల్లజాతివారికి అక్కడ ఇల్లు అమ్మలేదు. పైగా కారు లేనిదే రోజు గడవదు.

జర్మనీలో ఫ్రైబుర్గ్ నగరంలోని వోబాన్‌ది వేరే పద్ధతి. ఫ్రెంచి సైన్యం 1992లో ఖాళీ చేసిన బ్యారక్‌ల స్థలంలో వచ్చిన కాలనీ అది. నాకు బాగా నచ్చింది పార్కింగ్ పద్ధతి. చాలా వీధుల్లో ఇంటి ముందు కారు నిలిపి ఉంచకూడదు. సామాన్లు దింపుకుని వెళ్లిపోవాలి. కారు ఉంటే కాలనీ అంచున గ్యారేజీలో చోటు విడిగా కొనాలి, అదీ వేల యూరోలు పోసి. కారు లేనివాళ్ల నెత్తిన అంత భారం పడదు. అందుకే వీధి మధ్యలో పిల్లలు సుద్దముక్కలతో బొమ్మలు గీసుకుంటూ ఆడుకోగలరు. 2006 నుంచి ట్రామ్ కూడా లోపలిదాకా వస్తోంది.

వోబాన్‌లో ఇళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, విశాలమైన పెరడు ఆశించలేం. అయినా నా ఓటు దానికే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు అవతల వెంచర్లలో ప్లాట్లు చూస్తున్నవాళ్లు రోడ్డు వెడల్పు కంటే ముందు బస్టాప్ ఎంత దూరమో అడగండి.