డేరా పీకని తీర్థం

అమ్మాయి దగ్గరికి డెన్మార్క్ వెళ్ళి రెండు నెలలుండి వచ్చాం. ఊళ్ళో దిగిన రోజు నుంచి అందరూ చలి గురించీ తిండి గురించీ అడిగారు గానీ, ఏం చూశావని అడిగినవాడు ఒక్కడే. మా కొట్టు ఎదురుగా కొబ్బరిపీచు వ్యాపారం చేసే మిత్రుడు. ‘బాకెన్ చూశాను’ అన్నాను. ‘అంత దూరం వెళ్ళి బ్యాంకు చూసొచ్చావా’ అన్నాడు. బ్యాంకు కాదు, కోపెన్‌హాగెన్ దగ్గర అడవిలో ఉన్న పాత వినోద పార్కు అది. వాడి కోసం, పిల్లల్ని చూడ్డానికి అటువైపు వెళ్ళే మన కోనసీమ వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నేను అంబాజీపేటలో ముప్పై ఏళ్ళు మోటార్లు రీవైండింగ్ చేశాను. అంతకుముందు, నిక్కర్లు వేసుకునే రోజుల్లో, మా నాన్న రంగులరాట్నానికి అసిస్టెంటుని. కొయ్య గుర్రాలు ఎనిమిది, నడిమి రాట, దాని కింద ఇరుసు. కనుమకి జగ్గన్నతోట, మాఘమాసంలో అంతర్వేది, శివరాత్రికి పాలకొల్లు. రాట్నం విప్పి ఎడ్లబండి మీద కట్టుకుని, వశిష్ఠ గోదావరి దగ్గర పంటు పడవ మీదికి ఎక్కించి తీర్థాలు తిరిగేవాళ్ళం. మోటారు లేదు. నాన్న చేత్తో తోసేవాడు, చేత్తోనే ఆపేవాడు. ఇరుసుకి ఆముదం పొయ్యడం నా పని. పొయ్యడం మర్చిపోతే రాట్నం కీచుమని ఆ సంగతి తీర్థం మొత్తానికి చెప్పేసేది. అందుకని ఇప్పటికీ తిరిగే వస్తువు ఏది కనిపించినా ముందు నా చెవి దాని ఇరుసు దగ్గరికి పోతుంది.

కోపెన్‌హాగెన్ సెంట్రల్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే ఇరవై నిమిషాల్లో క్లాంపెన్‌బోర్గ్. లైనుకి అదే చివరి స్టేషన్. బయట గుర్రబ్బళ్ళు ఉన్నాయి. పది నిమిషాల నడకే కదా మావయ్యగారూ అన్నాడు అల్లుడు. మా ఆవిడ ఏమీ అనలేదు, బండి వైపు చూసింది. బండే ఎక్కాం. అమలాపురం జట్కాల తర్వాత మళ్ళీ గుర్రబ్బండి ఎక్కడం అదే.

ఎర్రరంగు వేసిన గేటు దాటాక అంతా అడవి. బీచ్ అనే జాతి చెట్లు, ఓక్ చెట్లు, మధ్యలో మట్టి బాట. ఇది ఒకప్పుడు రాజుల వేట అడవి, దాదాపు పదకొండు చదరపు కిలోమీటర్లు. కార్ల రొద లేదు. టికెట్ కౌంటర్ ఎక్కడుందా అని నేను తల తిప్పి చూస్తూనే ఉన్నాను. ఈలోపు పీచు మిఠాయి వాసన వచ్చింది, మనవరాలు నా చెయ్యి వదిలించుకుని పరిగెత్తింది. అడవి ఎక్కడ అయిపోయిందో, పార్కు ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. లోపలికి వెళ్ళడానికి డబ్బు అక్కర్లేదు, ఎక్కిన ఆటకే ఇవ్వాలి. ఎక్కువ ఆటలు ఎక్కేవాళ్ళు చేతికి పట్టీ కొనుక్కుంటారు.

ఇది చిన్న విషయం అనుకోకండి. మన వైపు ఒక వాటర్ పార్కులో (పేరెందుకులెండి) మేం నీళ్ళలో దిగం మొర్రో అన్నా వినకుండా గేటు దగ్గరే ఇద్దరికీ పూర్తి టికెట్ కొట్టారు. మా ఆవిడ ఆ డబ్బులు పెట్టి మూడు గంటలు నీడ లేని బెంచీ మీద కూర్చుంది. ఆ మాట ఇప్పటికీ నెలకోసారి వినిపిస్తుంది నాకు.

బాకెన్ అంటే వాళ్ళ భాషలో గుట్ట. 1583లో కిర్‌స్టెన్ పీల్ అనే ఆవిడకి ఈ అడవిలో ఒక ఊట కనిపించిందట. అప్పట్లో కోపెన్‌హాగెన్‌లో మంచినీళ్ళకి కటకట. ఈ ఊట నీళ్ళు తాగితే రోగాలు తగ్గుతాయని జనం బిందెలు పట్టుకుని బయల్దేరారు. జూన్ 23 రాత్రి ఆ నీళ్ళకి మహత్తు ఎక్కువని నమ్మేవారట. జనం పోగయ్యాక చిరుతిళ్ళ వాళ్ళు, గారడీ వాళ్ళు, పాటలు పాడేవాళ్ళు రాకుండా ఎలా ఉంటారు! అల్లుడు ఇదంతా ఫోన్లో చూసి చెప్తున్నాడు.

‘ఆగండి అల్లుడుగారూ, నీళ్ళ దగ్గర జనం చేరితే దాన్ని మనం ఏమంటాం?’ అన్నాను.

‘తెలీదు మావయ్యగారూ.’

‘తీర్థం అంటారండీ’ అంది మా ఆవిడ, నేను నోరు తెరిచేలోపు.

ఇప్పటికీ నడుస్తున్న వినోద పార్కుల్లో ప్రపంచం మొత్తం మీద ఇదే పాతది అని రాస్తారు. సరే, రాసుకోనివ్వండి. జగ్గన్నతోట ప్రభలకి కూడా నాలుగు వందల ఏళ్ళ పైమాటే అంటారు మన పెద్దలు. కాకపోతే మనది కనుమ ఒక్కరోజు. పదకొండు ఊళ్ళ ప్రభలు పచ్చటి చేలల్లోంచి జనం భుజాల మీద వస్తాయి, గుడి కూడా లేని ఆ కొబ్బరితోటలో కొలువు తీరతాయి, పొద్దుగూకేసరికి ఎవరి ఊరికి వాళ్ళు. మర్నాడు చెరకు పిప్పి, జీళ్ళు కట్టిన కాయితాలు తప్ప తోటలో ఏమీ మిగలదు. వీళ్ళు మాత్రం వేసిన డేరా పీకలేదు.

మధ్యలో రాజులు అడ్డం పడ్డారు. 1669లో ఫ్రెడరిక్ 3 వేట జంతువుల కోసం అడవికి కంచె వేయించాడు. కొడుకు వచ్చి దాన్ని ఇంకా పెంచి జనాన్ని రానివ్వడం మానేశాడు. మళ్ళీ 1756లో ఫ్రెడరిక్ 5 తలుపులు తీశాడు. 1863లో రైలు వచ్చింది, ఇక జనమే జనం. 1885లో డేరాల వాళ్ళంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. సంఘం పేరులోనే డేరా అనే మాట ఉందని అల్లుడు చెప్పినప్పుడు నాకు గొంతు పట్టేసింది. మా నాన్న ఏటా చోటు కోసం ఎవరెవరి అరుగుల ముందు నిలబడేవాడో నేను చూశాను. ఏ చెట్టు కింద రాట పాతాలో ఆయన చేతిలో ఉండేది కాదు. ఒక ఏడు మురుగు కాలవ పక్కన ఇచ్చారు.

పిల్లల కోసం ప్యెరో అని ఒక వేషగాడున్నాడు. తెల్ల బట్టలు, సున్నం పూసినట్టు తెల్లటి మొహం, ఎర్రటి పెదాలు. 1800 నుంచి ఈ వేషం ఇక్కడ ఆగలేదట, మనిషి మారతాడు గానీ వేషం అదే. ఎదురుగా బెంచీల నిండా పిల్లలు. అతను ఏదో అంటాడు, పిల్లలంతా ఒక్కసారి అరుస్తారు. మాకు డేనిష్ ఒక్క ముక్క రాదు. అయినా పిల్లలు ఎప్పుడు అరవబోతున్నారో మా ఆవిడ ముందే పట్టేసి నా మోచెయ్యి పొడుస్తోంది. తోలుబొమ్మలాటలో కేతిగాడు రాబోతుంటే తెర వెనక మద్దెల మారేది కదా, అది విని పెరిగిన మనిషి.

ఇక అసలు విషయం. 1932లో కట్టిన చెక్క రోలర్ కోస్టర్ ఒకటుంది. మనవరాలు ఎక్కుదాం తాతయ్యా అని చొక్కా లాగుతుంటే, ఉండమ్మా అని కాసేపు కింద నిలబడి విన్నాను. బండి పైకి ఎక్కుతున్నప్పుడు టక్ టక్ మని చప్పుడు. అది బండి వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కెం, ఒక్కో పన్ను దాటినప్పుడల్లా పడుతుంది. బండి పైనుంచి దూకిందంటే దూలాలు మొత్తం ఒకసారి నిట్టూర్చినట్టు కదులుతాయి. పక్కనున్నావిడ భయపడి వెనక్కి జరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చెక్క కొంచెం ఊగాలండీ, ఊగనివ్వకపోతే విరుగుతుంది. ‘చీల మరీ బిగించకురా, రాటకి ఊపిరాడనీ’ అనేవాడు నాన్న. గ్రీజు వాసన, ఎండకి కాగిన చెక్క వాసన కలిసి వస్తున్నాయి. ఆముదం ఒక్కటే తక్కువ.

ఎక్కాం. మోకాళ్ళు ముందు సీటుకి కొట్టుకున్నాయి, కళ్ళజోడు జేబులో పెట్టుకోవాలన్న సంగతి మొదటి పల్లంలో తెలిసింది. దిగాక అక్కడ పనిచేసే కుర్రాణ్ణి అల్లుడి చేత అడిగించాను, బ్రేకు ఎవరు వేస్తున్నారు అని. 2010 దాకా బండిలోనే ఒక మనిషి కూర్చుని చేత్తో బ్రేకు వేసేవాడట. తర్వాత కొత్త బళ్ళు తెచ్చారు, బ్రేకులు పట్టాలకే బిగించారు. చాలా బాగా చేస్తున్నాయి అన్నాడు కుర్రాడు. చేస్తాయి, ఎందుకు చెయ్యవు. నేను జీవితమంతా మోటార్లు చుట్టి బతికినవాణ్ణి, మెషీను వద్దంటానా? కానీ నాన్న రాట్నం ఆపేటప్పుడు ముందు పిల్లల మొహాలు చూసేవాడు. ఎవడు కక్కబోతున్నాడో, ఎవడికి ఇంకో రెండు చుట్లు కావాలో మొహం చూసి తెలుసుకుని, అప్పుడు గుర్రం కాలు అరచేత్తో పట్టుకుని దాంతోపాటు నాలుగు అడుగులు పరిగెత్తి ఆపేవాడు. పట్టాకి బిగించిన బ్రేకుకి మొహాలతో పని లేదు.

నా దిగులు చూసి అల్లుడు నాలుగు రోజుల తర్వాత టివోలీ అనే ఇంకో వినోద పార్కుకి తీసుకెళ్ళాడు. అది కోపెన్‌హాగెన్ నడిబొడ్డున, రైల్వే స్టేషన్ పక్కనే. 1843లో మొదలైంది, తారీఖు ఆగస్టు 15. అక్కడ లోపలికి టికెట్ వేరు, ఆటలకి వేరు. తోటలు, దీపాలు చాలా అందంగా ఉన్నాయి, మా ఆవిడకి అదే ఎక్కువ నచ్చింది. నేను వాటి జోలికి పోలేదు. తిన్నగా 1914 నాటి చెక్క కోస్టర్ దగ్గరికి వెళ్ళాను. అందులో బ్రేకు మనిషి ఇంకా ఉన్నాడు. ఉన్నాడేమిటి, ఉంది. ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్ల, జుట్టు ముడేసుకుని బండి మధ్యలో కూర్చుంది. మొదటిసారి భయంతో ఏమీ చూడలేదు. రెండోసారి ఎక్కి ఆ అమ్మాయి చేతినే చూశాను. వంపు ఇంకా రాకముందే ఒళ్ళు వెనక్కి వాలుతోంది, లివరు మెల్లగా దగ్గరికి వస్తోంది. గుంజడం లేదు. వంపు దాటగానే వేళ్ళు వదులవుతున్నాయి. దిగేటప్పుడు నమస్కారం పెట్టాను. ఎందుకో తెలియక తనూ పెట్టింది.

మళ్ళీ బాకెన్‌కి వస్తాను. ధగధగలాడే నియాన్ బోర్డులు కనపడవు, వద్దని వాళ్ళలో వాళ్ళకి కట్టుబాటట. మామూలు బల్బుల తోరణాలే. అయితే జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు పోదు కాబట్టి ఆ బల్బుల అందం మాకు దక్కలేదు. చలికాలం చాలా భాగం మూసే ఉంటుంది, తేదీలు చూసుకుని వెళ్ళండి. బీరు తాగే చోట్లు బోలెడు, కానీ మా జోలికి ఎవరూ రాలేదు. జూలైలో ప్రపంచం నలుమూలల నుంచి శాంటాక్లాజ్ వేషగాళ్ళు వచ్చి ఇక్కడ సభ పెట్టుకుంటారు, 1957 నుంచి. వేసవిలో ఆ ఉన్ని కోటు ఎలా భరిస్తారో మరి.

తిండి మాత్రం ఇంటి నుంచి పట్టుకెళ్ళండి. మేం వెళ్ళినప్పుడు వాళ్ళ డబ్బు ఒక క్రోన్ మన పన్నెండు రూపాయల పైచిలుకు. ఆ లెక్క మొదలుపెడితే ఏదీ గొంతు దిగదు, మనవరాలి ముందు పరువూ దక్కదు. మేం బీచ్ చెట్టు కింద దుప్పటి పరుచుకుని పులిహోర, ఆవకాయ ముద్దలు తిన్నాం. కాస్త దూరంలో జింకల గుంపు మేస్తోంది. అడవి మొత్తంలో రెండు వేలకి పైనే ఉంటాయట. ఒకటి తలెత్తి చూసింది. ‘ఏవండీ, ఇంగువ వాసనకి’ అంది మా ఆవిడ. మోకాళ్ళలో ఓపికుంటే ఇంకా లోపలికి నడవండి, మైదానం మధ్యలో 1736 నాటి వేట భవనం ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆ వేట అడవులన్నీ 2015లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. మేం సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగాం. శాలువా ఉంచుకోండి, జూన్ అని నమ్మకండి, గాలి చల్లగా కొడుతుంది.

మార్కులు వెయ్యమంటే అయిదుకి నాలుగు. ఆ ఒక్క మార్కూ బ్రేకు మనిషిది.

మా రాట్నం సంగతి అడుగుతారేమో. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి దొడ్లో కొబ్బరిచెట్టు సరిగ్గా దాన్ని దాచిన పాక మీదే పడింది. రాట రెండు ముక్కలు. ఎనిమిదిలో రెండు గుర్రాలు మిగిలాయి, ఇన్నాళ్ళూ అటక మీదే ఉన్నాయి. పోయిన నెల ఒకదాన్ని కిందకి దించాను. ఒక చెవి లేదు, కాలి దగ్గర నాన్న అరచెయ్యి పడే చోట మాత్రం చెక్క నున్నగా, నల్లగా మెరుస్తోంది. సంక్రాంతికి మనవరాలు వస్తోంది. రంగు ఏం వెయ్యాలమ్మా అని వీడియో కాల్‌లో అడిగితే అడవి గేటు రంగు అంది. ఎర్ర పెయింటు తెచ్చాను. కాలు ఒక్కటీ వదిలేసి మిగతా అంతా వేస్తాను.