బ్యాంకు ప్రాజెక్ట్ రిపోర్టుకి మార్కెట్ లెక్కలు: చిత్తూరులో వాడి చూసినవి

చిత్తూరు చుట్టుపక్కల చిన్న యూనిట్లకి లోన్ ప్రాజెక్ట్ రిపోర్టులు రాసిపెట్టడం నా పని. పల్పు, జ్యూస్, పచ్చళ్లు, ఎక్కువగా మామిడి చుట్టూ తిరిగేవే. సీఎంఏ డేటా, అంటే లోన్ కోసం బ్యాంకు అడిగే ఆర్థిక లెక్కల పట్టికలు, ఎవరైనా వేసిస్తారు. మేనేజరు వేలు పెట్టేది మార్కెట్ పేజీ మీదే: "ఈ సరుకు ఎవరు కొంటారు? ఈ రేటు ఎక్కడిది?" ఆ పేజీ నింపడానికి ఏళ్లుగా వాడుతున్న వాటి మీద నా అభిప్రాయం ఇది.

డబ్బు పెట్టి కొనే 'ప్రపంచ మామిడి గుజ్జు మార్కెట్' రిపోర్టుల సంగతి ముందే తేల్చేస్తా. ధర వేల డాలర్లు. ఉచిత శాంపిల్ అడిగితే చాలు, ఇక ఫోన్లే ఫోన్లు. ఒక క్లయింట్ అలాంటిది కొని తెచ్చాడు. రంగుల గ్రాఫులు, సీఏజీఆర్ (ఏటా సగటు వృద్ధి శాతం) దశాంశాలతో సహా ఉన్నాయి. ఎవర్ని అడిగారు, ఎలా లెక్కగట్టారు అంటే 'ఇంటర్వ్యూల ద్వారా' అన్న ముక్కతో సరి. మన దగ్గర పల్పుకి పోయే మామిడి రకం తోతాపురి, ఆ మాటే అందులో లేదు! బ్యాంకులో దాన్ని ఎవరూ తిరగేయను కూడా లేదు.

ఎగుమతులకైతే వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా సైటు మంచిది. దేశాలవారీగా, ఏడాదివారీగా ఎన్ని టన్నులు, ఎంత విలువ అని ఇస్తుంది. విలువని టన్నులతో భాగిస్తే కిలోకి సగటున ఎంత గిట్టిందో తేలుతుంది. నాకు కావలసింది అదే. అయితే అది అన్ని రకాలూ కలిసిన సగటు. అల్ఫాన్సో, తోతాపురి విడివిడిగా దొరకవు.

పండు రేటుకి ప్రభుత్వ మార్కెట్ ధరల సైటు అగ్‌మార్క్‌నెట్ చూస్తాను, కొంచెం అనుమానంగానే. అది మార్కెట్ యార్డు లెక్క. మన దగ్గర ఫ్యాక్టరీకి పోయే తోతాపురి చాలావరకు ర్యాంపుల (కాయలు కొని ఫ్యాక్టరీకి పంపే ప్రైవేటు కేంద్రాల) మీదుగానో, నేరుగా ఫ్యాక్టరీ గేటుకో పోతుంది. 2025 సీజన్నే తీసుకోండి. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించారు. పేపర్లో '12 రూపాయలు' చూసి ముడిసరుకు ఖర్చులో 12 వేస్తే తప్పు, ఆ 4 ఫ్యాక్టరీ ఖర్చు కాదు. ఆ ఎనిమిదీ చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు, అది వేరే సంగతి. కాబట్టి సీజన్లో ర్యాంపుకి ఒక ఫోన్ కొట్టడం తప్పదు.

అసలు నిధి వేరే చోట ఉంది, మనవాళ్లు దాన్ని పట్టించుకోరు. కేర్, క్రిసిల్, ఇక్రా లాంటి సంస్థలు కంపెనీల బ్యాంకు లోన్లకి రేటింగ్ ఇచ్చినప్పుడు, ఎందుకు ఇచ్చాయో నాలుగు పేజీల్లో సైట్లో పెడతాయి. పైసా ఖర్చు లేదు. పల్పు కంపెనీలవి వరసగా నాలుగైదు చదివితే ధంధా లోగుట్టు తెలుస్తుంది: టర్నోవర్ ఎంత, మార్జిన్ ఎంత, సరుకు ఎన్నాళ్లు గోడౌన్లో కూర్చుంటుంది. పండు రెండు మూడు నెలలే, అమ్మకం ఏడాదంతా. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారానికి తిరిగే డబ్బు) నెల స్టాకుకే లెక్కేసుకుని వచ్చినవాళ్లకి ఆ పేజీలే చూపిస్తా, వాదన ఉండదు. మేనేజరుకీ ఈ పేర్లు తెలిసినవే. ఒక్కటి మాత్రం చూసుకోండి: 'ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్' అని ఉంటే కంపెనీ కొత్త వివరాలు ఇవ్వలేదని అర్థం, ఆ అంకెలు పాతవి.

ఇంకా లోతుకి పోవాలంటే ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్లో ఒక్కో కంపెనీకి 100 రూపాయలు కట్టి బ్యాలెన్స్ షీట్లు దించుకోవచ్చు. సైటు మొరాయిస్తుంది, ఓపిక ఉండాలి. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లవి అక్కడ దొరకవు.

స్థానిక డిమాండుకి జనాభా లెక్క వేసేవాళ్లు జిల్లా పేరు చూసి మోసపోతారు. 2011 లెక్కల్లో చిత్తూరు జిల్లా అంటే 41.74 లక్షల మంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఆ జనం చిత్తూరు, తిరుపతి, అన్నమయ్య జిల్లాలకి చీలారు. అప్పుడు తిరుపతిలోకి నెల్లూరు వైపు గూడూరు, సూళ్లూరుపేట కూడా వచ్చి చేరాయి. మండలాలవారీగా కూడుకోవడం తప్ప దారి లేదు.

తిరుపతి వాళ్ల ప్లాన్లలో ఇంకో జబ్బు. టీటీడీ రోజూ ఇచ్చే దర్శనాల సంఖ్య తీసుకుని, అందులో ఒక శాతం మా షాపుకి వస్తారని రాసేస్తారు. సంఖ్య నిజమే. కానీ అది కొండ మీద దర్శనం లెక్క, మీ వీధిలో నడిచేవాళ్ల లెక్క కాదు. అలాంటి ప్లాన్ తెచ్చినవాళ్లని, షాపు పెట్టాలనుకున్న చోట ఒక శనివారం, ఒక మంగళవారం నిలబడి మనుషుల్ని లెక్కపెట్టి రమ్మంటాను. సగం మంది మళ్లీ రారు.