జాన్ డొమినిక్‌ని తెలుసుకోవాలంటే సినిమా మేలా, రేడియో టేపులు మేలా?

హైతీ రేడియో జర్నలిస్టు జాన్ డొమినిక్ గురించి తెలుసుకోవాలనుకునేవారికి ఇవాళ రెండు మంచి దారులున్నాయి. ఒకటి, జొనాథన్ డెమీ తీసిన 'ది అగ్రోనమిస్ట్' డాక్యుమెంటరీ. గంటన్నర సినిమా, 2003లో వచ్చింది. రెండోది, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం భద్రపరిచి, ఎవరైనా ఉచితంగా వినేలా ఇంటర్నెట్‌లో పెట్టిన, ఆయన స్టేషన్ రేడియో హైతీ పాత రికార్డింగులు. నా మాట ముందే చెప్పేస్తాను. మొదట సినిమా చూడండి. కానీ అక్కడితో ఆగిపోతే మనిషి తెలుస్తాడు గాని, ఆయన చేసిన పని సగమే తెలుస్తుంది.

ఈ పేరు కొత్తగా ఉన్నవారికి కాస్త నేపథ్యం. డొమినిక్ పారిస్‌లో వ్యవసాయ శాస్త్రం చదివి, తిరిగొచ్చి హైతీ రైతుల మధ్య పనిచేశాడు. సినిమాకు ఆ పేరు అందుకే. 1958లో ఆయన అన్న ఫిలిప్ నియంత ఫ్రాన్స్వా డువాలియేని కూలదోయబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. జాన్ కూడా జైలుపాలయ్యాడు. ఆ తర్వాత రేడియోలోకి వచ్చి, రేడియో హైతీ ఇంటర్‌ని దేశంలోకెల్లా జనం నమ్మే స్టేషన్‌గా నిలబెట్టాడు. హైతీలో అందరికీ వచ్చిన భాష క్రియోల్. ప్రభుత్వం, కోర్టులు, పత్రికలు మాత్రం ఫ్రెంచిలో నడిచేవి, అది బాగా వచ్చినవాళ్లు కొద్దిమందే. అలాంటిచోట రాజకీయ వార్తలూ విశ్లేషణలూ క్రియోల్‌లో చెప్పడమంటే, చదువురాని రైతుని కూడా దేశ రాజకీయాల చర్చలో కూర్చోబెట్టడమే. నియంతలు ఆయనకి భయపడిందీ అందుకే.

ఇక సినిమా సంగతి. దాని బలమంతా డొమినిక్ ముఖంలో ఉంది. సన్నటి మనిషి, నోట్లో పైపు, ఒక్కచోట నిలవని చేతులు. ఒక సంఘటన చెబుతుంటే కనుబొమ్మలు, భుజాలు, గొంతు అన్నీ కలిసి చెబుతాయి. 1991లో సైనిక తిరుగుబాటు జరిగి ఆయన రెండోసారి ప్రవాసం వెళ్లినప్పుడు, న్యూయార్క్‌లో డెమీ తీసిన ఇంటర్వ్యూలే ఈ సినిమాకి ఆయువుపట్టు. స్టేషన్ లేదు, మైకు లేదు, దేశం లేదు. అయినా ఆ మనిషిలో ఉత్సాహం చెక్కుచెదరలేదు.

1960లలో హైతీ రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌లో తాను నడిపిన ఫిల్మ్ క్లబ్బు గురించి ఆయన చెప్పే భాగం నాకు చాలా ఇష్టం. నాజీ మారణ శిబిరాల మీద అలెన్ రెనే తీసిన డాక్యుమెంటరీని అక్కడ ప్రదర్శించారు. చూసిన కుర్రాళ్లకి తమ ఊళ్లోనే ఉన్న ఫోర్ డిమాన్ష్ జైలు కళ్లముందు మెదిలింది. ఎవరూ డువాలియే పేరెత్తనక్కర్లేదు, విషయం అర్థమైపోయింది. క్లబ్బు మూతపడింది. కానీ ఆ ఎత్తుగడ ఆయన మర్చిపోలేదు. 1979లో నికరాగువాలో నియంత సొమోజా పతనాన్ని రేడియోలో రోజూ వివరంగా చెప్పుకొచ్చాడు. శ్రోతలు వింటున్నది నికరాగువా వార్తలు, ఆలోచిస్తున్నది హైతీ గురించి. చెప్పకుండా చెప్పడం ఎలాగో ఇంతకంటే మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

మరి సినిమా ఎక్కడ తగ్గుతుంది? డెమీ ఆయనకి స్నేహితుడు. కెమెరా ప్రేమతో చూస్తుంది, అది తప్పు కాదు. అయితే ఆ ప్రేమ వల్ల కథ దాదాపు ఒక్క మనిషిదీ, ఆయన భార్య, సహ జర్నలిస్టు మిషెల్ మోంటాస్‌దీ అయిపోయింది. రేడియో హైతీ అంటే వాళ్లిద్దరే కాదు. 1980 నవంబర్‌లో ప్రభుత్వం విరుచుకుపడినప్పుడు కొంపే ఫిలో, లిలియాన్ పియేర్ పోల్ లాంటి సహచరులు జైల్లో నరకం చూశారు. స్టేషన్‌లో ముఖ్యుడైన రిచర్డ్ బ్రిసోన్ 1982లో, ఫ్రాన్స్వా తర్వాత గద్దెనెక్కిన ఆయన కొడుకు జాన్ క్లాడ్ డువాలియే మనుషుల చేతుల్లో చనిపోయాడు. వీళ్లందరికీ గంటన్నరలో చోటు సరిపోదు.

టేపుల దగ్గరికి వెళ్తే ఆ లోటు తీరుతుంది. డొమినిక్ సంపాదకీయాలు పూర్తిగా ఉన్నాయి, సహచరుల రిపోర్టులున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, పల్లెల నుంచి వచ్చిన రైతులు తమ భూమి గొడవలు, తమ మీద జరిగిన దాడులు తమ నోటితోనే చెప్పుకున్న రికార్డింగులున్నాయి. సినిమాలో డొమినిక్ రైతుల గురించి మాట్లాడతాడు, టేపుల్లో రైతులే మాట్లాడతారు. ఆయన్ని రాజకీయ కార్యకర్త అని ఎందుకంటారో నాకు తెలిసినంతలో ఇక్కడే బాగా అర్థమవుతుంది. ఆయన ఏ పార్టీ జెండా మోసినందుకో కాదు. ఎవరి గొంతు గాలిలోకి వెళ్లాలో నిర్ణయించడమే ఆయన రాజకీయం.

ఇబ్బందీ ఉంది. రికార్డింగులు దాదాపు అన్నీ క్రియోల్, ఫ్రెంచి భాషల్లోనే. ఒక్కొక్కదానికీ ఇంగ్లిష్‌లో కూడా వివరణ రాసిపెట్టడం పెద్ద ఊరటే గానీ, చరిత్ర తెలియకుండా నేరుగా దిగితే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. సినిమాలో డొమినిక్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే మాట్లాడతాడు కాబట్టి మనకి ఆ గొడవ లేదు. మొదట సినిమా అన్నది ఇందుకే.

మూడో దారి కూడా ఉంది, హత్య కేసు మీద వచ్చిన వార్తలు చదవడం. 2000 ఏప్రిల్ 3న తెల్లవారాక, ఉదయం వార్తలు చదవడానికి స్టేషన్‌కి వచ్చిన డొమినిక్‌ని ఆవరణలోనే కాల్చి చంపారు. అక్కడే పనిచేసే జాన్ క్లాడ్ లూయిసెంట్ కూడా బలయ్యాడు. ఏళ్ల తరబడి సాగిన దర్యాప్తులో న్యాయమూర్తులు మారారు గానీ న్యాయం జరగలేదు. కేసు వివరాలు తెలుసుకోవలసినవే, కాదనను. కానీ వాటితో మొదలుపెడితే ఆయన మన మనసులో ఒక హతుడిగానే మిగిలిపోతాడు. అది ఆయనకి అన్యాయం. ఈ దారిని చివరికి ఉంచండి.

మన దగ్గర జర్నలిజం చదివేవాళ్లకైతే నా సలహా ఇంకొంచెం గట్టిగా ఉంటుంది: సినిమా ఒక్కసారి చూసి, మిగతా సమయమంతా టేపులకే ఇవ్వండి. ముఖ్యంగా, ప్రజలెన్నుకున్న అధ్యక్షుడిగా పనిచేసి దిగిపోయిన అరిస్టీడ్‌ని 1996లో డొమినిక్ చేసిన ఇంటర్వ్యూ. ఒకప్పుడు ఎంతో అభిమానించిన నాయకుడే ఎదురుగా కూర్చున్నా, అవినీతి గురించి అడగాల్సింది అడిగాడు. అరిస్టీడ్ మాట దాటేస్తుంటే వదలకుండా మళ్లీ అక్కడికే లాక్కొచ్చాడు. సినిమాలో కనబడేది కొన్ని నిమిషాలే. నియంతని ప్రశ్నించడానికి ఒక రకం ధైర్యం కావాలి, మనవాడనుకున్నవాణ్ణి ప్రశ్నించడానికి ఇంకో రకం కావాలి. ఈ రెండో రకం ఎలా ఉంటుందో తెలియాలంటే, భాష అర్థం కాకపోయినా సరే, పక్కన వివరణ పెట్టుకుని ఆ గొంతులో ఎక్కడ తగ్గాడో, ఎక్కడ తగ్గలేదో వినండి.