కొత్త సిస్టమ్‌లో పైసా పెట్టకుండా: ఏళ్ల తరబడి వాడాక నిలిచినవి

ఇంటి కంప్యూటర్‌కు ఉచిత సాఫ్ట్‌వేర్ చాలుతుందా అంటే, చాలుతుంది. చిక్కల్లా అప్పటికే అందులో ఏం వేసి ఉందన్న దగ్గరే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అసెంబుల్ చేయించుకున్నా, మాల్‌లో బ్రాండెడ్ లాప్‌టాప్ తెచ్చుకున్నా, కొత్తవి ఎక్కించే ముందు రెండు చోట్ల తొంగి చూడాలి.

మొదటిది విండోస్ లైసెన్సు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఎస్ఎల్ఎమ్‌జీఆర్, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, డీఎల్‌వీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. డిస్క్రిప్షన్ వరుసలో ఓఈఎమ్ (సిస్టమ్ కంపెనీ ఇచ్చిన లైసెన్సు) అనో రిటెయిల్ (విడిగా కొన్నది) అనో ఉంటే సరే. వాల్యూమ్ కేఎమ్ఎస్ క్లయింట్ అని ఉంటే అది కంపెనీల సర్వర్‌తో యాక్టివేట్ అయ్యే రకం. ఇంటి సిస్టమ్‌లో కనిపించిందంటే దాదాపుగా క్రాక్ కొట్టారన్నమాటే, అంటే దొంగ లైసెన్సు. రెండోది విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్, అంటే యాంటీవైరస్ వదిలేయాల్సిన వాటి జాబితా. కొత్త సిస్టమ్‌లో ఆ జాబితా ఖాళీగా ఉండాలి. సీ డ్రైవ్ మొత్తమో, ఏదో ఫోల్డరో అక్కడ ఉంటే, దాన్ని చూడొద్దని యాంటీవైరస్‌కు ఎవరో చెప్పి పెట్టారు. ఒక్కో ప్రోగ్రామూ ఏరి తీసేస్తూ కూర్చోవద్దు, ఫార్మాట్ చేయించి మళ్లీ వేయించుకోండి.

లాప్‌టాప్‌తో వచ్చే ట్రయల్ యాంటీవైరస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ తనంతట తానే పనిలోకి దిగుతుంది. ఇంటికి అది చాలు.

ఆఫీసు పనికి వర్డ్, ఎక్సెల్‌ల బదులు వాడే లిబ్రేఆఫీస్. సుమారు 350 ఎంబీ. ఉత్తరాలు, లెక్కలు, పిల్లల ప్రాజెక్టులకు లోటు లేదు. కాలిబ్రి ఫాంట్ కొలతలకు సరిపోయే కార్లిటో అందులోనే వస్తుంది కాబట్టి వర్డ్‌లో చేసిన రెజ్యూమె తెరిచినా వరుసలు అంతగా చెదరవు. టెక్స్ట్ బాక్సులు, పట్టికలు ఎక్కువుంటే మాత్రం కదులుతాయి. మాక్రోలు (పనులు తమంతట తామే చేసే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఎక్సెల్ షీట్లతో రోజూ పనుంటే దీనితో కుస్తీ పట్టొద్దు, ఎక్సెల్ కొనుక్కోవడమే మంచిది.

వేయగానే మార్చాల్సినవి టూల్స్, ఆప్షన్స్, లోడ్/సేవ్, జనరల్‌లో ఉన్నాయి. ఆటోరికవరీ, అంటే చేస్తున్న పనిని తనే దాచుకోవడం, పది నిమిషాలకు పెట్టి ఉంటుంది, రెండుకు దించండి. మే నెల గాలివానకు కరెంటు పోయే ఇళ్లలో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కు ఆ ఎనిమిది నిమిషాలే తేడా. కిందే ఆల్వేస్ సేవ్ యాజ్ దగ్గర వర్డ్ ఫైలు రకమైన డాక్స్ ఎంచుకుంటే, లిబ్రేఆఫీస్ సొంత రకమైన ఓడీటీ ఫైల్ పంపి అవతలివాళ్లతో "ఓపెన్ కావట్లేదు" అనిపించుకునే బాధ తప్పుతుంది.

తెలుగు సంగతికొస్తే, టైపింగ్‌కు బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చి, దాని ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది) కలపండి. విండోస్ కీ, స్పేస్ నొక్కితే భాష మారుతుంది. ఒకప్పుడు తెలుగు టైపింగ్‌కు వాడిన గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ విండోస్ ఇన్‌స్టాలర్‌ను గూగుల్ ఎప్పుడో తీసేసింది. ఇప్పుడు ఎక్కడెక్కడో దొరికే ఆ ఫైళ్ల జోలికి పోవద్దు. లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఫాంటు మార్చినా కొత్త పేజీలో పాతదే వస్తుంటే, కారణం అది తెలుగును ఇంగ్లిష్‌తో కాకుండా కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ (సీటీఎల్) కింద లెక్కేయడం. ఆప్షన్స్‌లోని భాషల పేజీలో ఆ టిక్ పెడితే, రైటర్ కింద బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ అని కొత్త పేజీ వస్తుంది. అక్కడ నిర్మలా యూఐనో, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే మండలినో, రామభద్రనో ఒక్కసారి పెట్టేస్తే చాలు.

జిరాక్స్ సెంటర్‌కు మాత్రం పీడీఎఫ్ చేసే తీసుకెళ్లండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది, డాక్స్ అయితే వాళ్ల సిస్టమ్‌లో లేని ఫాంటు వేరేదైపోతుంది. శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ వాళ్లు చాలామంది ఇంకా అను ఫాంట్లలోనే ఉన్నారు. అది యూనికోడ్ కాదు, అంటే ఇప్పుడు అన్ని సిస్టమ్‌లూ వాడే అక్షరాల పద్ధతి కాదు. మీ మ్యాటర్‌ను మళ్లీ కొట్టడమో కన్వర్టర్‌లో వేయడమో చేస్తారు, ఒత్తులు పోయే ప్రమాదం అక్కడే. ప్రూఫ్ చూడకుండా ప్రింటింగుకు ఒప్పుకోకండి.

పీడీఎఫ్‌లు చదవడానికి సుమత్రా పీడీఎఫ్ చిటికెలో తెరుచుకుంటుంది. కానీ డిజిటల్ సంతకం సరిచూడదు. ఈ-ఆధార్‌లో ప్రశ్నార్థకం గుర్తు పోవాలంటే అడోబీ రీడర్ కావాల్సిందే. డౌన్‌లోడ్ పేజీలో అదనపు టిక్కులు కనిపిస్తే తీసేయండి. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు క్యాపిటల్స్‌లో, ఆపైన పుట్టిన సంవత్సరం.

వీడియోలకు వీఎల్‌సీ, ఇంకో మాట లేదు. తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలుగా కనిపిస్తే ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ ఫాంటు నిర్మలా యూఐకి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కి మార్చండి.

బ్రౌజర్‌గా ఫైర్‌ఫాక్స్, అందులో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్. క్రోమ్‌లో ఇప్పుడు దాని లైట్ రకమే పనిచేస్తుంది, అంత గట్టిది కాదు. ఇది ముందే వేస్తే మిగతావి దించుకునేటప్పుడు నకిలీ డౌన్‌లోడ్ బటన్లు చాలావరకు కనపడవు.

జిప్, రార్ ఫైళ్లకు 7-జిప్. దీనికి తనంతట తాను అప్‌డేట్ అయ్యే గుణం లేదు, అదే దీని పెద్ద లోపం. 24.09 కంటే పాత వెర్షన్లలో, నెట్ నుంచి దించిన జిప్‌లోని జిప్‌ను విప్పితే విండోస్ వేసే హెచ్చరిక గుర్తు లోపలి ఫైళ్లకు అంటేది కాదు, వైరస్‌లకు అది దారి అయింది. అందుకే నెలకోసారి టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండోస్ కిటికీ) తెరిచి విన్‌గెట్ అప్‌గ్రేడ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలతో ఆల్ చేర్చండి. 7-జిప్, వీఎల్‌సీ, లిబ్రేఆఫీస్ అన్నీ ఒకే దెబ్బకు కొత్తవైపోతాయి.

దూరం నుంచి మన సిస్టమ్‌ను నడపనిచ్చే ఎనీడెస్క్‌ను మాత్రం ఈ జాబితాలో పెట్టను. దూరంగా ఉన్న కొడుకో కూతురో సాయం చేయాల్సిన పూట వేసుకుని, పని కాగానే తీసేయాలి. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి దాన్ని వేసుకోమన్నవాళ్లు బ్యాంకువాళ్లు కారు. అప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.