బోటు బ్యాలస్ట్‌కు ఏ పంపు మేలు: ఏరేటరా, ఇంపెల్లరా?

అనంతపురంలో బోరు మోటార్లు బాగుచేసే నాకు బోటు గొడవ ఎందుకు వచ్చిందంటే, మా తమ్ముడి వల్ల. వాడు అమెరికాలో, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాడు. స్నేహితులతో కలిసి పాత వేక్ బోటు ఒకటి కొన్నాడు. పోయిన ఎండాకాలం ఫోన్ చేసి, "అన్నా, వెనక సంచులు నిండేసరికి ఇరవై నిమిషాలు పడుతోంది. ముందు సంచిలోకి నీళ్లే ఎక్కడం లేదు. మోటారు మాత్రం తిరుగుతానే ఉంది" అన్నాడు.

వేక్ బోటు వెనక పెద్ద అల లేవాలి, ఆ అల మీద మనిషి పలక వేసుకుని ఆడాలి. బోటు బరువుగా ఉండి నీళ్లలోకి దిగితేనే అల లేస్తుంది. అందుకే చెరువు నీళ్లనే సంచుల్లోకి తోడి బరువు పెంచుతారు, ఆట అయ్యాక బయటికి తోసేస్తారు. ఆ నీటి బరువే బ్యాలస్ట్. తమ్ముడి బోటులో ఒక్కో సంచి 750 పౌండ్లది, అంటే 340 కిలోలు. లీటరు నీళ్లు కిలో కాబట్టి 340 లీటర్లు పట్టాలి.

ఈ పనికి రెండు రకాల పంపులు వాడతారు. మొదటిది ఏరేటర్ పంపు. మన మోనోబ్లాక్‌కు చిన్న తమ్ముడు అనుకోండి. లోపల రెక్కల చక్రం గిర్రున తిరిగి నీళ్లను బయటికి విసురుతుంది. దానికి నీళ్లు విసరడం వచ్చు గానీ గాలిని లాగడం రాదు. బావుల కాలంలో మా నాన్న మోనోబ్లాక్ గొట్టంలోకి బిందెతో నీళ్లు పోసి, బుడగలు ఆగేదాకా చూసి, అప్పుడు స్టార్టర్ నొక్కేవాడు. ఫుట్ వాల్వు కారిందంటే మళ్లీ మొదటికి. ఏరేటర్ గుణమూ అదే. బోటు అడుగున, బయటి నీటి మట్టానికి కిందగా బిగిస్తే నీళ్లు వాటంతట అవే వచ్చి పంపులో నిండుతాయి, చక్కగా పనిచేస్తుంది. మట్టానికి పైన బిగిస్తే గాలి పట్టి ఊరికే తిరుగుతుంది.

రెండోది ఇంపెల్లర్ పంపు. ఇందులో రబ్బరు రెక్కలు ఒక పక్క ముడుచుకుంటాయి, ఇంకో పక్క విచ్చుకుంటాయి. విచ్చుకునేటప్పుడు నీళ్లు లాగి, ముడుచుకునేటప్పుడు తోస్తాయి. ముందుగా నీళ్లు పోసి నింపే ప్రైమింగ్ అక్కర్లేదు, మట్టానికి కొంచెం పైనున్నా లాగుతుంది. వైర్లు తిప్పేసే స్విచ్ పెడితే ఉల్టా తిరిగి అదే పంపు సంచిని ఖాళీ కూడా చేస్తుంది. ఏరేటర్ అయితే నింపడానికొకటి, ఖాళీ చేయడానికొకటి, సంచికి రెండు కావాలి.

ఇంతవరకూ ఇంపెల్లరే మేలు అనిపిస్తుంది. కానీ ఆ రబ్బరుకు నీళ్లే చమురు. సంచి ఖాళీ అయ్యాక స్విచ్ ఆపడం మరిచారా, కాసేపటికే రెక్కలు కాలి ముక్కలవుతాయి. బాగా చూసుకున్నా రబ్బరు అరుగుతుంది, అప్పుడప్పుడు మార్చుకోవాలి. కరెంటు కూడా ఏరేటర్ కన్నా బాగా ఎక్కువ లాగుతుంది. ధరా ఎక్కువే. ఏరేటర్ కాసేపు పొడిగా తిరిగినా ఓర్చుకుంటుంది, పోయినా తక్కువలో కొత్తది వస్తుంది.

వేగం సంగతి. తమ్ముడి పాత ఏరేటర్ మీద గంటకు 800 గ్యాలన్లు అని ఉంది. అంటే నిమిషానికి 50 లీటర్లు, లెక్క ప్రకారం ఏడు నిమిషాల్లో సంచి నిండాలి. మరి ఇరవై ఎందుకు పట్టింది? పంపు మీద రాసిన అంకె పైపు లేకుండా, ఎత్తు లేకుండా కొలిచినది. మన బోర్లలో నీళ్లు లోతుకు పోయేకొద్దీ అదే మోటారు తక్కువ పోయదా? ఇదీ అంతే. వీడియోలో పైపు చూపించమన్నాను. సోఫా కింద ఒకచోట మడత పడి, ఇనుప క్లిప్పు కింద నలిగిపోయి ఉంది. వైరు కూడా సన్నం. 12 వోల్టుల బ్యాటరీ దగ్గర ఒక వోల్టు దారిలో పోయినా మోటారు నీరసిస్తుంది. పంపు మార్చే ముందు పైపు, వైరు మార్చమన్నాను. అవి మారిస్తేనే టైము సగానికి వచ్చింది.

కొత్త పంపు కొనేవాళ్లందరికీ ఇదే చెప్తాను. 800 తీసి 1200ది పెట్టి, పాత సన్నపు పైపునే ఉంచితే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

ఇక నా తీర్పు. వెనక సంచులు అడుగునే ఉంటాయి, పంపులు మట్టానికి కిందే ఉంటాయి కాబట్టి అక్కడ 1200 ఏరేటర్లే మేలు. ముందు సంచికి పైపు దూరం పోవాలి, పంపు మట్టానికి పైన ఉంది. అక్కడ ఏరేటర్‌తో కుస్తీ పట్టడం దండగ, ఇంపెల్లరే పెట్టాలి.

ఖాళీ చేయడంలో ఇంకో మెలిక ఉంది. వాళ్లు తిరిగే ట్రావిస్ చెరువులో జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు 2017లో బయటపడ్డాయి. బోటులో మిగిలిన నీళ్లతో అవి ఇంకో చెరువుకు పాకుతాయని, బయటికి తీసిన బోటులోని నీళ్లన్నీ వదిలేయాలని టెక్సస్‌లో చట్టమే ఉంది. ఏరేటర్ చివరి నీళ్ల దగ్గర గాలి పట్టి వదిలేస్తుంది. ఇంపెల్లర్ దాదాపు చివరి చుక్కదాకా లాగుతుంది. రోజుకో చెరువుకు బోటు లాక్కెళ్లేవాళ్లయితే, ఖర్చయినా సరే, అన్ని సంచులకూ ఇంపెల్లర్లే పెట్టుకోండి.

రెండు జాగ్రత్తలు తప్పవు. ఏది పెట్టినా బోటు అడుగు రంధ్రం దగ్గర మూసే వాల్వు ఉండాలి. ఏరేటర్ అయితే నింపే పైపును పైకి ఎత్తి, అక్కడ గాలి రంధ్రం పెట్టాలి. లేదంటే స్విచ్ ఆపినా సైఫన్ పట్టి, కట్టేసి ఉన్న బోటులోకి రాత్రంతా నీళ్లు వస్తూనే ఉంటాయి.

బిగించాక తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ముందు సంచి ఉబ్బుతోంది, ఏడు నిమిషాలు దాటింది. "ఆపెయ్ రా, ఇంపెల్లర్ ఆగకుండా తోస్తే సంచి పగులుతుంది" అని అరిచాను. మరుసటి వారమే దానికి టైమర్ పెట్టించాను.